మొహెంజొదారో కదురు బిళ్లలు: వీటిని చూసి ఏం చెప్పగలం?

ప్రశ్న: మ్యూజియంలో చూశాను, మధ్యలో రంధ్రం ఉన్న మట్టి బిళ్లలు, అంతే. ఇవి పూసలు కావని ఎలా తెలుస్తుందండీ?

జవాబు: బరువు చూడాలండీ. కదురుకు, అంటే నూలు వడికే పుల్లకు, బిళ్ల తొడిగి బొంగరంలా తిప్పితే ఆ బరువుకే తిరుగుడు సాగుతుంది. పత్తి పోగు పొట్టిది, బరువు బిళ్ల వేలాడితే పుటుక్కున తెగిపోతుంది, అందుకే సన్న నూలుకి తేలికది, ముతక దారానికి బరువైనది. రంధ్రం సరిగ్గా మధ్యలో లేకపోతే కదురు ఊగిపోతుంది, పూసకైతే అంత పట్టింపు లేదు.

ఇంకో జవాబు: అక్కడే వెండి పాత్రకు అంటుకుని నూలు గుడ్డ ముక్క కూడా దొరికింది, లోహపు చిలుము వల్లే కుళ్లకుండా నిలిచింది! నన్ను బాగా కదిలించింది మాత్రం, బిళ్లలు ఇళ్లల్లో దొరకడం. కొన్ని మామూలు మట్టివి, కొన్ని మెరిసే పూత వేసి కాల్చిన ఖరీదైన ఫయాన్స్‌వి. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వడికారన్నమాట.

ప్రశ్న వేసినవారు: థాంక్సండీ, ఈసారి వెళ్తే ముందు రంధ్రమే చూస్తాను.