విశాఖలో మూడు రోజులు: ఇక్కడి తిండి ఎక్కడ తినాలి, ఇంటికి ఏం తీసుకెళ్లాలి?

ప్రశ్న – హనుమకొండ నుంచి

అందరికీ నమస్కారం. మే నెల రెండో వారంలో మేం అయిదుగురం రైల్లో వచ్చి మూడు రోజులు విశాఖపట్నంలో ఉండబోతున్నాం. డెబ్బై దాటిన మా అమ్మగారు నీచు ముట్టరు. మావారికీ పిల్లలకూ సముద్రపు చేపలంటే ప్రాణం. ఆరేళ్ల కిందట వచ్చినప్పుడు బస చేసిన హోటల్లోనే మూడు పూటలా తిన్నాం కాబట్టి, అక్కడి వంట ఎలా ఉంటుందని చుట్టాలు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. బీచ్ దగ్గర ఊరి పేరు రాయించి తెచ్చిన గవ్వల కీచైన్ల వంటివే ఆ తరవాత మా ఊరి ఎగ్జిబిషన్‌లోనూ కనిపించాయి. ఈసారి నిజంగా ఆ ప్రాంతానిదే అయిన తిండి తినాలని, అక్కడివాళ్ల చేతుల్లో తయారైన వస్తువులే నలుగురికీ పంచాలని ఉంది. అరకు వెళ్లే వీలు లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – పెదవాల్తేరు నుంచి

నమస్కారమండి. విశాఖలో ఎక్కడ తినాలన్నదాని కంటే ఏ పూట తినాలన్నది ముందు చూసుకోవాలని నా అనుభవం. మంచి టిఫిన్లు పొద్దు ఎక్కకముందే అయిపోతాయి, బండ్ల మీది తిండి ఎండ తగ్గితే గాని మొదలవదు.

పొద్దుటి టిఫినుకు ద్వారకానగర్‌లోని సాయిరామ్ పార్లర్ మీ అమ్మగారికి నచ్చుతుంది. అది ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గర. మరో పొద్దున్న ఎం.వి.పి. కాలనీకి వెళ్లి వాసెనపోలి తినండి. గిన్నె మూతికి గుడ్డ వాసెన కట్టి, కింది నీళ్ల ఆవిరి మీద పిండిని ఉడికించడం మా అమ్మమ్మల నాటి పద్ధతి. అక్కడ అదే పేరుతో రాగి, జొన్న వంటి చిరుధాన్యాల ఇడ్లీలను ఆకుల్లో ఉడికించి పెడతారు. నూనె ఉండదు కనుక పెద్దవాళ్లకు తేలికగా అరుగుతాయి.

మధ్యాహ్నం తెలుగు భోజనానికి దస్పల్లా హోటల్ ఎంతోకాలంగా పేరున్న చోటు. ఎక్కడ కూర్చున్నా ఆ రోజు ఆవ పెట్టిన కూర ఉందా అని అడగండి. పనసపొట్టు గాని అరటికాయ గాని ఉడికించి, దించిన తరవాతనే నూరిన ఆవముద్ద కలుపుతారు, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. ఆ ఘాటు ముక్కుకు తగిలితే వంటమనిషికి పని తెలుసునని నమ్మవచ్చు. ఆవ గోదావరి వైపూ ఉన్నదే గాని, మా ఇళ్లలో అది లేని పెళ్లి భోజనం నేను చూడలేదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినకుండా వెళ్లకండి. మీరు మరమరాలు అనేవే ఇక్కడి మురీలు. బండి దగ్గర అతను లోతైన గిన్నెలో రెండు దోసిళ్ల మురీలు పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, ఉప్పూకారం వేసి, పైన నిమ్మచెక్క పిండి, గరిటెను గిన్నె అంచుకు టకటక కొడుతూ కలుపుతాడు. పొట్లం చేతికి రాగానే తినేయాలి, కబుర్లలో పడితే ఆ తడికీ సముద్రపు గాలికీ మురీలు మెత్తబడిపోతాయి. కోడిగుడ్డు కలిపేవారు కూడా ఉంటారు కనుక, అమ్మగారి పొట్లం విషయం ముందే చెప్పండి.

సమాధానం – జాలారిపేట దగ్గరి నుంచి

చేపల కోసం వస్తున్నవారికి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను నిషేధిస్తారు. మీరు వచ్చే వారం సరిగ్గా అందులో పడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరుసగా కట్టేసి ఉంటాయి, తెల్లవారుజామున జరిగే వేలం సందడి కనిపించదు.

అంతమాత్రాన నిరాశపడనక్కరలేదు. ఇంజన్ లేని తెప్పల మీద ఒడ్డుకు దగ్గరలో వేటాడేవారికి నిషేధం వర్తించదు, వారి వలలో పడిన కవ్వళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపలు దొరుకుతాయి. మీరు వంజరం అనే చేపను ఇక్కడ కోనాం అంటారు. ఆ రోజుల్లో హోటల్లో వడ్డించే కోనాం చాలావరకు ఐసులో నిలవ ఉంచినదే అయి ఉంటుంది కనుక, పేరు చూసి కాకుండా "ఇవాళ వచ్చిన చేప ఏది?" అని అడిగి తినండి. రొయ్యలు, పండుగప్ప చెరువుల్లో కూడా పెంచుతారు, వాటికి ఈ నిషేధంతో సంబంధం లేదు. చిన్న చేపల పులుసు చింతపండు పులుపుతో పొద్దున్న కాచి, సాయంత్రానికి తింటే ముక్కకు పులుసు పట్టి ఇంకా బాగుంటుంది. ప్రయాణం జూన్ చివరికి మార్చుకోగలిగితే మాత్రం మీవారికీ పిల్లలకూ అసలైన విందు అవుతుంది.

సమాధానం – అనకాపల్లి నుంచి

కొనుగోళ్ల గురించి నేను రాస్తాను. విశాఖ పేరుతో కొనదగినవి ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లలో తయారవుతాయి. మొదట చెప్పవలసింది ఏటికొప్పాక లక్కబొమ్మలు. విశాఖకు సుమారు 65 కిలోమీటర్ల దూరాన వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది, హైవే మీది అడ్డరోడ్డు దగ్గర నుంచి లోపలికి వెళ్లాలి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మెత్తని అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని దానికి ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో అదిమి పట్టి మెరుపు తెస్తారు. గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు కనుక పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయపడనక్కరలేదు.

అయితే నేనొకసారి మోసపోయాను. మా మనవరాలికని బీచ్ దగ్గర ఒకచోట ఏటికొప్పాక బొమ్మేనంటే కొన్నాను. తడిగుడ్డతో తుడవగానే గుడ్డ ఎర్రబడింది. అప్పటి నుంచి చేతిలోకి తీసుకుని చూడనిదే కొనడం లేదు. లక్క పట్టిన బొమ్మ మీద రంగు చుట్టూ సమంగా సాగి, గోటికి నునుపుగా తగులుతుంది. కుంచెతో పూసిన పెయింటుకు గీతలూ వాసనా ఉంటాయి.

రెండోది మాడుగుల హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నెయ్యి పోస్తూ కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలిపి చేస్తారు. మే ఎండలో నెయ్యి కాస్త పైకి తేలినా పాడైందని అనుకోవద్దు. మా అనకాపల్లి బెల్లం గురించి నేను వేరే చెప్పాలా, అరిసెలు వండే ఇంటికి అంతకు మించిన కానుక లేదు.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ

అందరికీ ధన్యవాదాలు. వేట నిషేధం సంగతి మాకు బొత్తిగా తెలియదు. పిల్లల సెలవుల వల్ల తేదీలు మార్చలేము, చిన్న చేపలతోనే సరిపెట్టుకుంటాం. మే ఎండలో అమ్మగారిని ఏటికొప్పాక దాకా తీసుకెళ్లడానికి మనసు ఒప్పడం లేదు. ఊళ్లోనే నమ్మకంగా దొరికే చోటు ఉందా?

సమాధానం – సీతమ్మధార నుంచి

ఉందండి. ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే లేపాక్షిలో కొనండి. ఏటికొప్పాక బొమ్మలతో పాటు పనసకర్రతో చేసే బొబ్బిలి వీణల చిన్న నమూనాలు కూడా అడిగి చూడండి, సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంటికి ఇవ్వడానికి బాగుంటాయి. బొమ్మలు ఎదురుగా తయారవుతుంటే చూడటమే వేరు, కానీ ఆ వయసువారికి ఎండలో రానుపోను 130 కిలోమీటర్లు వద్దు.

అరకు వెళ్లకపోయినా అరకు కాఫీ తీసుకెళ్లవచ్చు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి విశాఖ కేంద్రంగా పనిచేస్తోంది. ఏజెన్సీ రైతుల కాఫీ, అడవి తేనె, చింతపండు దాని దుకాణాల్లో దొరుకుతాయి. ఎక్కడ కొన్నా కాఫీ పొట్లం మీద చికోరీ శాతం చదవండి. తేనె సీసా మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగించి, రైల్లో నిలువుగా పెట్టుకోండి.

బీచ్ దగ్గర పగడపు ముక్కలు, పెద్ద శంఖాలు చూపించి కొనమంటే కొనవద్దు. పగడాలతో పాటు కొన్ని రకాల శంఖాలు కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి.

అమ్మగారికి మాత్రం పొందూరు ఖద్దరు చీర చూడండి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో గింజ మీది పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో సన్నని నూలు వడుకుతారు. ఆవిడ నీచు ముట్టరన్నారు కనుక ఈ సంగతి కొనేముందే చెప్పండి. మా అత్తగారు విన్నాక కాసేపు ఆలోచించి, చీర వేళ్ల మధ్య నలిపి చూసి, రెండు తీసుకున్నారు.