స్మొక్తునోవ్‌స్కీ నటన: మీకు మొదట తగిలిన సన్నివేశం ఏది?

పాతరీలు:
సోవియట్ దర్శకుడు కొజింత్సెవ్ తీసిన 1964 ‘హామ్లెట్’ నిన్న రాత్రి మూడోసారి చూశాను. ‘ఉండాలా, వద్దా’ అనే ఆ ప్రసిద్ధ స్వగతంలో, హామ్లెట్ వేసిన నటుడు ఇన్నొకెంతి స్మొక్తునోవ్‌స్కీ పెదవి కదపరు. సముద్రపు ఒడ్డున రాళ్ళ మధ్య నడుస్తుంటారు, మాటలు మనసులోంచి వినిపిస్తాయి. ఆ తర్వాత వేణువు ఘట్టం. గూఢచారులుగా వచ్చిన పాత స్నేహితుల్ని హామ్లెట్ వేణువు వాయించమంటాడు, రాదంటారు. ఇంత చిన్నది వాయించడం చేతకాదు గానీ నన్ను వాయిద్దామనుకున్నారా అని నిలదీస్తాడు. అక్కడ నాకు కోపంకంటే బాధే ఎక్కువ కనబడింది. మీ అనుభవాలు చెప్పండి.

రంగులపెట్టె:
ఇరవై ఏళ్ళుగా పరిషత్తు నాటకాలు వేస్తున్నానండీ. చివరి వరుసకు వినబడాలి, మాకు మొదటి పాఠం అదే. ఈయనా స్టేజీ మనిషే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఎక్కడో ఆర్కిటిక్ వలయం పైనున్న నోరిల్స్క్ థియేటర్లో కొన్నేళ్ళు వేషాలు వేశారు. 1957లో లెనిన్‌గ్రాడ్‌లో తొవ్‌స్తొనోగొవ్ అనే దర్శకుడు, దొస్తొయెవ్‌స్కీ నవల ‘ఇడియట్’ నాటకంలో కథానాయకుడు ప్రిన్స్ మిష్కిన్ వేషం ఇచ్చాకే పేరు మోగింది. అంతకుముందు వచ్చిన ‘సైనికులు’ సినిమాలో ఆయన కళ్ళు చూసే ఆ వేషానికి పిలిచారని చెప్పుకుంటారు. ఆ మిష్కిన్‌ని హాల్లో కూర్చుని చూసినవాళ్ళంటే నాకు అసూయ.

కజాన్_డాక్టరమ్మ:
నేను కజాన్‌లో మెడిసిన్ చదివాను. మా హాస్టల్ పెద్దావిడ, బాబుష్కా అనేవాళ్ళం, ఆయన పేరెత్తితే ముందు ‘కారు జాగ్రత్త’ చూడమనేది. 1966 నాటిది, ర్యాజనొవ్ తీశారు. దెతోచ్కిన్ అనే బీమా ఏజెంటు అక్రమార్కుల కార్లు దొంగిలించి, అమ్మిన డబ్బు అనాథాశ్రమాలకు పంపుతుంటాడు. ఆఖర్న జైలు నుంచి వచ్చి, ట్రాలీబస్సు నడుపుతున్న ప్రియురాలితో “ల్యూబా, నేను తిరిగొచ్చాను” అంటాడు. అంతే! ఆవిడ ప్రతిసారీ కళ్ళొత్తుకునేది, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను.
మాస్కో వెళ్ళినప్పుడు నొవొదేవిచి శ్మశానంలో ఆయన సమాధి దగ్గర నాలుగు ఎర్ర కార్నేషన్లు పెట్టి వచ్చాను. సమాధికి సరిసంఖ్యలోనే పూలు పెట్టాలని ఆవిడే నేర్పింది.

పాతరీలు:
డాక్టరమ్మ గారూ, అందులో దెతోచ్కిన్ ఔత్సాహిక నాటకంలో వేసేదీ హామ్లెట్టే! అతన్ని వెంటాడే పోలీసు అధికారే, ఆ నాటకంలో హామ్లెట్‌తో కత్తియుద్ధం చేసే లయెర్టీస్. ఆ అధికారిగా చేసిన ఒలెగ్ యెఫ్రేమొవ్, 1976లో మాస్కో ఆర్ట్ థియేటర్లో స్మొక్తునోవ్‌స్కీ చేత చేహొవ్ ‘ఇవానొవ్’ వేయించారు.

రెండోఆట:
నా ఓటు వేరు. 1962లో ‘మోజార్ట్, సాలియేరీ’ సినిమాలో ఆయన మోజార్ట్. 1979 నాటి ‘చిన్న విషాదాలు’లో ఆయనే సాలియేరీ. పుష్కిన్ రాసిన ఆ కథలో సాలియేరీ అసూయతో మోజార్ట్‌కు విషం పెడతాడు. హత్యకు గురైనవాడి మనసూ, విషం కలిపినవాడి మనసూ ఒకే మనిషి మోశాడు. రెండూ ఒకే వారంలో చూస్తే నిద్రపట్టలేదు నాకు. ఆ గాంభీర్యం ఊరికే రాలేదనుకుంటాను. 1943లో యుద్ధంలో జర్మన్లకు చిక్కి, తప్పించుకుంటే ఒక ఉక్రెయిన్ కుటుంబం దాచి ప్రాణం నిలబెట్టింది.

కొత్తగా_వచ్చా:
రష్యన్ ఒక్క ముక్క రాదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

కజాన్_డాక్టరమ్మ:
‘కారు జాగ్రత్త’తోనే తమ్ముడూ. మోస్‌ఫిల్మ్ స్టూడియో వాళ్ళ యూట్యూబ్ ఛానల్లో వెతుకు. డబ్బింగ్ మాత్రం వద్దు, సబ్‌టైటిల్స్ పెట్టుకో. ఆ గొంతు సగం నటన.

రంగులపెట్టె:
ఈ ఆదివారం మా బృందానికి గోడ మీద ప్రొజెక్టర్ వేసి ఆ వేణువు ఘట్టం చూపిస్తున్నాను. ముందు శబ్దం ఆపేసి, తర్వాత శబ్దంతో. ఎవరేమన్నారో ఇక్కడే రాస్తాను.