ట్రయల్ ప్రోటోకాల్ (మందును ఎలా పరీక్షించాలో చెప్పే ప్లాన్) రాసేటప్పుడు రోగులకు ఓటు ఉండాలా, సలహా సరిపోతుందా?

గణాంకం:
పక్క థ్రెడ్‌లో ‘ప్రోటోకాల్ కమిటీలో రోగి ప్రతినిధికి ఓటు ఉండాల్సిందే’ అన్నారు. సలహా అడగండి, కాదనను. ఓటు వద్దు. కంట్రోల్ గ్రూపు (అసలు మందు ఇవ్వకుండా పోలిక కోసం ఉంచేవాళ్లు) ఉండాలా, శాంపిల్ ఎంత అన్నవి బాధ తీవ్రతను బట్టి తేలే విషయాలు కావు. డూషెన్ కండర క్షీణతకు వచ్చిన ఎటెప్లిర్సెన్ అనే మందునే చూడండి. ప్రధాన అధ్యయనంలో ఉన్నది 12 మంది పిల్లలు. 2016 ఏప్రిల్‌లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందు కుటుంబాలు హాలు నింపేశాయి. ఆధారాలు చాలవని సంఘంలో ఎక్కువమంది అన్నా, సెప్టెంబరులో త్వరిత అనుమతి వచ్చింది. మరో అధ్యయనంలో 48 వారాలు మందు వాడాక డిస్ట్రోఫిన్ (ఈ జబ్బులో కండరాలకు కొరవడే ప్రొటీన్) ఎంత పెరిగిందంటే, సగటున సాధారణ స్థాయిలో 0.16 శాతం నుంచి 0.44 శాతానికి!

సమ్మతిపత్రం:
గణాంకం గారూ, ఆ హాల్లో వాదన అనుమతి గురించి, డిజైన్ గురించి కాదు. మొదట్లోనే పిలిస్తే ఏమవుతుందో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో చూడొచ్చు. ట్రయల్స్‌లో ఏం కొలవాలో తేల్చే ఓమెరాక్ట్ సమావేశంలో 2002లో రోగులను కూర్చోబెట్టారు. అప్పటికి డాక్టర్ల ప్రధాన జాబితాలో వాచిన కీళ్లు, నొప్పి, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) ఉన్నాయి, నీరసం లేదు. రోగులు పట్టుబట్టింది దాని గురించే. తర్వాత దాన్నీ కొలవాలని సిఫారసు చేశారు.

కంట్రోల్ గ్రూపు సంగతంటారా, 1986లో ఎయిడ్స్ మందు ఏజడ్‌టీ ట్రయల్‌లో కొందరు తమకొచ్చింది అసలు మందేనా అని క్యాప్సూళ్లను ల్యాబుల్లో పరీక్ష చేయించుకున్నారు, అసలు మందు దొరికినవాళ్లు మిగతావాళ్లతో పంచుకున్నారు. ఇక బ్లైండింగ్ (ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియనివ్వకపోవడం) ఎక్కడిది?

భద్రాచలం_రోడ్:
మీరిద్దరూ మన దేశం వైపు రావట్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకా ప్రాజెక్టు నడిచింది. చాలామంది హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. టీకా వేసుకున్న కొందరు బాలికలు చనిపోయారని తెలిశాక 2010లో ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో కడిగేసింది. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కు పెట్టిన 2019 నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు, అందులో ఒక సామాన్య సభ్యుడు ఉండాలి. ఆయన రోగే కానక్కర్లేదు. పైగా ప్రోటోకాల్ పూర్తయ్యాకే ఆయన చేతికొస్తుంది.

ట్రయల్_కోఆర్డినేటర్:
ప్లాన్ ఇంకా రెండు పేజీల్లో ఉన్నప్పుడే పిలవాలి. అనుమతి వచ్చాక మారిస్తే సవరణ పెట్టి, మళ్లీ కమిటీకి వెళ్లాలి. ఆ బెడదకు భయపడే ‘నోట్ చేసుకున్నాం అమ్మా’ అని పంపేస్తారు. ఒక్కరినే పిలవొద్దు, డాక్టర్ల మధ్య నోరు మెదపరు. ఆరుగురైనా ఉండాలి, అందులో ఇద్దరు ఇంగ్లిష్ రానివాళ్లు. బస్ చార్జీ, ఆ రోజు కూలి అక్కడికక్కడే చేతిలో పెట్టాలి.

విజిట్ షెడ్యూల్ వాళ్ల ముందు పెట్టండి. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ట్రయల్ విజిట్ వేరే రోజు పెడితే ఇంకో సూది, ఇంకో సెలవు. క్రాస్‌మ్యాచ్‌కు (ఎక్కించే రక్తం సరిపడుతుందో చూసే పరీక్షకు) గుచ్చినప్పుడే, అంటే ఎక్కించకముందే, శాంపిల్ తీస్తే ప్రతిసారీ హిమోగ్లోబిన్ ఒకే దశలో కొలిచినట్టవుతుంది, మధ్యలో మానేసేవాళ్లూ తగ్గుతారు.

సమ్మతి పత్రం చదివి వినిపించాక ‘మధ్యలో మానేస్తే బాబు మామూలు వైద్యం ఏమవుతుంది?’ అని అడగండి. ‘ఆపేస్తారు కదా’ అంటే సంతకం తీసుకోకండి, ఆ పేరా మళ్లీ రాయండి. వీడియో తీశాం కదా అంటే కుదరదు. వీడియోలో తల ఊపడమే కనిపిస్తుంది.

గణాంకం:
విజిట్లు, ఏం కొలవాలన్నది, సమ్మతి: వీటిలో ఓటుకు సరే. రాండమైజేషన్ నిష్పత్తిలో (లాటరీలా పంచేటప్పుడు ఎంతమందికి మందు, ఎంతమంది కంట్రోల్‌లో అన్నదానిలో) మాత్రం ససేమిరా. ఇంకోటి, ఆ ఆరుగురిని పంపే రోగుల సంఘానికి ట్రయల్ నడిపించే స్పాన్సరే డబ్బిస్తే?

సమ్మతిపత్రం:
డబ్బు ఎవరిదో మొదటి మీటింగులోనే రాతపూర్వకంగా చెప్పాలి, స్పాన్సర్ డబ్బు తీసుకునే సంఘం నుంచి సగం మందికి మించి తీసుకోకూడదు. నిష్పత్తి అంటారా, 1:1 బదులు 2:1 పెడితే అదే పవర్‌కు (తేడా ఉంటే పట్టుకోగల సామర్థ్యానికి) 200 మంది బదులు 225 మంది కావాలి. ఆ 25 మందిని చేర్చడానికి ఎన్ని నెలలు పడుతుందో కూడా చెప్పి అడగండి. అప్పుడు కూడా 2:1 కావాలంటే, కాదనడానికి మీ దగ్గరున్న గణాంక కారణం ఏమిటి?