తొడ మంటకు గజ్జ దగ్గర ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి

పల్లెవెలుగు కండక్టర్, కర్నూలు:

అందరికీ నమస్తే. నా వయసు 47. ఆర్టీసీ కండక్టర్‌ని. కర్నూలు నుంచి కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా ఆదోని పోయే బండి నాది. షుగర్ ఉంది, ఆరేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. పొట్ట కూడా ఉంది, దాచేదేముంది.

రెండేళ్ల కిందట ఎడమ తొడ బయటివైపు, ప్యాంటు జేబుకు కాస్త కింద, అరచెయ్యంత మేర తిమ్మిరి మొదలైంది. ఆర్నెల్లకు అది మంటయింది. పచ్చిమిరపకాయలు నూరి చెయ్యి కడుక్కోకపోతే ఎట్ల మండుతుందో అట్ల. గిల్లితే సరిగా తెలియదు గానీ లుంగీ అంచు రాసుకుంటే మాత్రం ప్రాణం పోతుంది. నిలబడి టికెట్లు కొట్టేకొద్దీ ఎక్కువవుతుంది. కోడుమూరులో జనం దిగి సీటు దొరికితే పది నిమిషాల్లో దిగుతుంది. రాత్రి కాలు చాపితే మంట, మోకాలి కింద దిండు పెట్టుకుంటే నయం.

మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నడుముకు ఎమ్మారై తీసి, డిస్క్ ఉబ్బింది, అదే కారణం అన్నారు. ఏడాదిన్నర నడుముకే వైద్యం. ట్రాక్షన్, మాత్రలు, నడుం బెల్టు. ఆ బెల్టు పెట్టుకున్న రోజు మంట ఇంకా ఎక్కువయ్యేది. చెబితే అలవాటైపోతుంది అన్నారు.

పోయిన నెల పెద్దాసుపత్రిలో న్యూరాలజీ ఓపీకి పోయినా. డాక్టరమ్మ పెన్ను చేతికిచ్చి మంట ఉన్నంతమేర తొడమీద గీత గీయమంది. సుత్తితో మోకాలిమీద కొట్టింది, కాలు బాగానే ఎగిరింది. తర్వాత కుడిపక్కకు పడుకోబెట్టి, పైనున్న తుంటి ఎముకను అరచేత్తో ముక్కాలు నిమిషం అదిమి పట్టింది. మంట తగ్గింది! రెండేళ్లలో ఎవరూ చెయ్యని పని. మెరాల్జియా పారెస్థెటికా అని చీటీలో రాసి, గజ్జ దగ్గర నరం నొక్కుకుపోతోంది అని చెప్పింది.

రాత్రికి నరాల మంట తగ్గించే మాత్ర, ప్రీగాబలిన్ 75, ఇచ్చారు. మంట సగం తగ్గింది గానీ తెల్లవారి నాలుగు గంటల డ్యూటీకి తల దిమ్ముగా ఉంటోంది. మొన్న లెక్కలో 340 రూపాయలు తక్కువొచ్చి జేబులోంచి కట్టినా. తగ్గకపోతే ఇంజెక్షన్ చేద్దాం అన్నారు. భయంగా ఉంది. వేయించుకున్నవాళ్లు ఎట్లుందో చెప్పండి.

ఆదోని అక్క:

తమ్ముడూ, ఇంజెక్షన్ సంగతి నాకు తెలియదు. నాకు రెండో కాన్పు ముందు ఇదే మంట వచ్చి, పాప పుట్టినాక పోయింది. పదేళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి కారణం ఏంటో తెలుసా? లంగా బొందు. చీర జారుతుందని తుంటి ఎముక మీద బిగించి ముడి వేసేదాన్ని, రాత్రి చూసుకుంటే తాడు అచ్చు పడి ఉండేది. బొందు తీసేసి వెడల్పు ఎలాస్టిక్ కుట్టించుకున్నా. మూడు నెలలు పట్టింది. నువ్వు మొలతాడు కట్టుకుంటావు కదా, అదెంత బిగుతుందో చూసుకో ముందు.

బండల పాలిష్, కడప:

అన్నా, నేను రెండుసార్లు వేయించుకున్నా. స్కాన్ మిషన్‌లో నరం చూసుకుంటూ తుంటి ముందు ఎముక పక్కన సూది దించుతారు. చీమ కుట్టినంతే అంటారు, అబద్ధం, అంతకంటే కాస్త ఎక్కువే. ఆ పూట తొడ మొత్తం మొద్దుబారింది, తర్వాత నాలుగు నెలలు హాయి. రెండోది రెండు నెలలే పనిచేసింది. ఎందుకంటే పనిలో కట్టుకునే తోలు బెల్టు నేను మార్చలేదు. నీకు షుగర్ ఉంది కాబట్టి ముఖ్యంగా చెబుతున్నా: అందులో స్టెరాయిడ్ కలుపుతారు. నాకు నాలుగు రోజులు షుగర్ 290 దాకా పోయింది. ముందే డాక్టరుకు చెప్పు, ఆ వారం రోజూ చూసుకో.

సీమ పెద్దాయన:

ఇవన్నీ వాతం నొప్పులబ్బీ. నువ్వుల నూనె కాచి మర్దన చేసి, వేడినీళ్ల సంచి పెట్టు. వారంలో పోతుంది.

ఫిజియో, అనంతపురం:

పెద్దాయనా, నూనె మీ ఇష్టం, కానీ వేడినీళ్ల సంచి వద్దు. మొద్దుబారిన చర్మానికి వేడి ఎంతో తెలియదు. ఇట్లాగే బొబ్బలెక్కి మా దగ్గరికొచ్చినవాళ్లున్నారు. అందులో ఈయనకు షుగర్.

కండక్టర్ గారూ, ఈ నరం నడుం పూసల దగ్గర పుట్టి, గజ్జలో ఉండే గట్టి పట్టీ కిందనుంచి దూరి తొడ చర్మానికి పోతుంది. దానికి స్పర్శ తప్ప వేరే పని లేదు, కండరాన్ని కదిలించదు. కాబట్టి కాలు బలహీనపడినా, మోకాలు మడతబడి కూలబోయినా అది వేరే జబ్బు, ఆగకుండా చూపించుకోండి. మూత్రం పట్టు తప్పితే ఆ రోజే పోవాలి. మీ వయసులో డిస్క్ కాస్త ఉబ్బడం ఏ నొప్పీ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. నడుం బెల్టు పెడితే మంట పెరగడమే అసలు సంగతి చెప్పింది, వినేవాళ్లు లేకపోయారు.

1895లో దీనికి పేరు పెట్టిన రోత్ అనే రష్యా డాక్టరు గుర్రపు సైనికుల బిగుతు బెల్టులను అనుమానించాడట. మీ క్యాష్ బ్యాగు ఏ భుజాన వేసుకుంటారు? ఎక్కడ ఆనుతుంది? నా అనుమానం దానిమీదే. ప్రీగాబలిన్ ఒక్కసారిగా మానకండి, మత్తు సంగతి చెబితే వేళో మోతాదో మారుస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే నరాలకు కావలసిన బీ12 విటమిన్ తగ్గొచ్చు, కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి. నరం కోసేసే ఆపరేషన్ చివరి మాట. మంట పోతుంది గానీ ఆ చోటు శాశ్వతంగా మొద్దుబారుతుంది.

పల్లెవెలుగు కండక్టర్, కర్నూలు (ఏడు వారాల తర్వాత):

ఫిజియో గారూ, మీరు అడిగిన రోజే అద్దం ముందు నిలబడి చూసుకున్నా. కుడి భుజంమీద నుంచి అడ్డంగా వేసుకుంటే బ్యాగు సరిగ్గా ఎడమ తుంటి ఎముకమీద వాలుతోంది. చిల్లర నిండితే బరువెంతో చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా అదే చోటు. ఇప్పుడు మెడలో ముందుకు వేసుకుంటున్నా. ప్యాసింజర్లు నవ్వుతున్నారు, నవ్వనీ. ప్యాంటు నడుం రెండంగుళాలు వదులు చేయించినా, ఫోను షర్టు జేబుకు మారింది. మొలతాడు తీసేస్తానంటే అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. వదులు చేసుకొని ఉంచుకున్నా.

మాత్ర రాత్రి భోజనానికి ముందే వేసుకోమన్నారు, తెల్లవారికి దిమ్ము తగ్గింది. బీ12 తక్కువే వచ్చింది, దానికి వేరే మందు ఇచ్చారు. బరువు మూడు కిలోలు దిగింది. రాత్రి సంగటి ముద్ద ఒకటికి తగ్గించినా, అదే కష్టంగా ఉంది.

మొన్న డాక్టరమ్మ మళ్లీ పెన్ను ఇచ్చింది. అరచెయ్యంత గీసిన చోట ఇప్పుడు అగ్గిపెట్టెంత. ఇంజెక్షన్ ఇంకో రెండు నెలలు చూసి అన్నారు. అక్కా, పండక్కి ఆదోని డ్యూటీ పడింది, బస్టాండులో కనబడితే పలకరించు. బ్యాగు ముందు వేలాడేసుకున్నవాణ్ణి నేనే.