స్నిల్‌ఫ్యోర్డ్ మూడు ముక్కలైంది, పాత జనాభా అంకెలు ఎలా పంచాలి?

నార్వే డేటాతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. ట్రొండెలాగ్‌లో స్నిల్‌ఫ్యోర్డ్ అని చిన్న మున్సిపాలిటీ ఉండేది, 1924లో హెమ్నె నుంచి విడిపోయింది, 2020 జనవరి 1న దాన్ని రద్దు చేసి హైమ్, హిత్రా, ఓర్క్‌లాండ్ మూడింటికీ పంచేశారు, అదే రోజు పక్క కౌంటీ మ్యోరె ఓగ్ రమ్స్‌డాల్‌లో ఉన్న హల్సా కూడా హైమ్‌లో కలిసింది కాబట్టి కౌంటీ సరిహద్దు కూడా జరిగిపోయింది.

నాకు 1990 నుంచి ఇప్పటిదాకా జనాభా గ్రాఫ్ కావాలి. పాత అంకెల్ని విస్తీర్ణం ప్రకారం పంచితే తప్పొస్తుంది, కొండల్లో జనం ఉండరు కదా. మున్సిపాలిటీ కన్నా చిన్న యూనిట్లు, వాళ్లు గ్రున్‌క్రెట్స్ అంటారు, వాటి అంకెలు కూడి చేయొచ్చా? ఎవరైనా చేసుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్, ఆ ఊళ్ల లెక్క తప్పుగా చూపించడం నాకిష్టం లేదు.