గ్రీన్ అమ్మోనియా వ్యాసం: కంపెనీ చెప్పే అంకెల్ని బయటినుంచి ఎలా సరిచూడాలి?

రియాక్టర్_నుంచి_రాతకి:
ప్రాసెస్ ఇంజనీరింగ్ వదిలి, ఇప్పుడు రసాయన పరిశ్రమ, పర్యావరణం గురించి సామాన్య పాఠకులకు రాస్తున్నాను. ప్రస్తుతం గ్రీన్ అమ్మోనియా (పునరుత్పాదక కరెంటుతో నీటినుంచి తీసిన హైడ్రోజన్‌తో చేసే అమ్మోనియా) మీద వ్యాసం నడుస్తోంది. పత్రికా ప్రకటనల్లో "80 శాతం సామర్థ్యం", "100 మెగావాట్లు", "కర్బన రహిత యూరియా" అని ఉంటాయి, డిజైన్ డేటా మాత్రం ఇవ్వరు. వీటిని ఏ క్రమంలో పరీక్షించాలి? వ్యాసంలో ఎంత లెక్క చూపించాలి?

మాస్_బ్యాలెన్స్:
ముందు హైడ్రోజన్ లెక్క వేయండి, మిగతావన్నీ దాని వెంట వస్తాయి. 17 కిలోల అమ్మోనియాలో 3 కిలోల హైడ్రోజన్ ఉంటుంది, అంటే టన్నుకి 176 కిలోలు. కిలో హైడ్రోజన్‌కి ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం) దాదాపు 50–55 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. 52 అనుకుంటే హైడ్రోజన్‌కే 9,150 యూనిట్లు. గాలినుంచి నైట్రోజన్ వేరు చేయడానికీ, కంప్రెసర్లకీ కలిపి టన్ను అమ్మోనియాకి సుమారు 10,000 అవుతుంది. ఎవరైనా 7,000 అంటే ఆగి అడగండి. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతపరంగా కావలసిన 39.4 యూనిట్లతో లెక్కేసినా హైడ్రోజన్ దగ్గరే 6,900 దాటిపోతుంది. బయటి ఆవిరి వాడుకుని అధిక ఉష్ణోగ్రతలో నడిచే సాలిడ్ ఆక్సైడ్ రకం ఎలక్ట్రోలైజర్ అయితే కరెంటు కొంత తగ్గొచ్చు. అప్పుడు ఆ ఆవిరి ఎక్కడిదో చెప్పాలి.

"100 మెగావాట్లు" అన్నది ఎలక్ట్రోలైజర్ గరిష్ఠంగా తీసుకోగల విద్యుత్తే, ఉత్పత్తి కాదు. రోజంతా నడిస్తే 46 టన్నుల హైడ్రోజన్, సోలార్ మీద సగటున 25 శాతం లోడ్‌తో నడిస్తే రోజుకి 11.5 టన్నులే. ప్రకటనలు ఎక్కువగా దాటేసేది ఇంకోటుంది. అమ్మోనియా కన్వర్టర్ (హైడ్రోజన్, నైట్రోజన్ కలిసి అమ్మోనియాగా మారే రియాక్టర్) 400–500 డిగ్రీల్లో, 100 బార్ పైన పనిచేస్తుంది. రోజూ సాయంత్రం ఆపి పొద్దున మొదలుపెడితే వేడెక్కడం, చల్లారడంతో లోహమూ ఉత్ప్రేరకమూ దెబ్బతింటాయి. అందుకే హైడ్రోజన్ నిల్వ ఎన్ని గంటలకు సరిపోతుంది, కన్వర్టర్ ఉన్న లూప్‌ని (మారని వాయువుల్ని తిరిగి తిప్పే వలయాన్ని) ఆపకుండా ఎంత శాతం లోడ్ వరకు దించగలరు అన్నవి తప్పక అడగండి.

ఉష్ణ_లెక్క:
ఆ 80 శాతం హైడ్రోజన్‌కి ఉన్న ఏ ఉష్ణవిలువ (మండితే వచ్చే వేడి) మీద? నీటి ఆవిరి ద్రవంగా మారేటప్పుడు వచ్చే వేడినీ కలిపితే అధిక ఉష్ణవిలువ, కలపకపోతే అల్ప ఉష్ణవిలువ. అదే 52 యూనిట్ల యంత్రాన్ని అధిక ఉష్ణవిలువతో కొలిస్తే 76 శాతం, అల్ప ఉష్ణవిలువతో కొలిస్తే 64. రెండూ అబద్ధం కావు, కానీ రెండు కంపెనీలను పోల్చేటప్పుడు కలిపేస్తే వ్యాసం తప్పవుతుంది. శాతాలు పక్కనపెట్టి కిలోకి ఎన్ని యూనిట్లో రాయడమే నయం. అది స్టాక్ (నీటిని విడగొట్టే సెల్‌ల దొంతర) ఒక్కదానిదా, పంపులు, రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే పరికరం) కలిపిన మొత్తం ప్లాంటుదా అన్నదీ చూడండి.

కరెంటు మూలం ఇంకా ముఖ్యం. సహజవాయువు రిఫార్మింగ్‌లో (ఆవిరితో వాయువు నుంచి హైడ్రోజన్ తీసే పాత పద్ధతిలో) కిలో హైడ్రోజన్‌కి ప్లాంటు దగ్గర 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు కరెంటుకి యూనిట్‌కి 0.9 కిలో అనుకుంటే, 52 యూనిట్లకి 47 కిలోలు! యూనిట్‌కి దాదాపు 0.18 కిలో దాటితే గ్యాస్ పద్ధతి కంటే నష్టమే. "ఏడాది మొత్తానికి పునరుత్పాదక కరెంటు కొన్నాం" అంటే రాత్రిపూట ఎక్కడినుంచి తీసుకుంటున్నారో అడగండి.

యూరియా_లూప్:
"కర్బన రహిత యూరియా" అన్నమాట రాయకండి. యూరియా అణువులోనే కర్బనం ఉంది. టన్ను యూరియాకి 0.57 టన్ను అమ్మోనియాతో పాటు 0.73 టన్ను కార్బన్ డయాక్సైడ్ కావాలి. గ్యాస్ ప్లాంటులో అది రిఫార్మింగ్ నుంచే వస్తుంది, ఎలక్ట్రోలైజర్ పెడితే ఆ ప్రవాహం ఉండదు. మరెక్కడినుంచి తెస్తారు? పైగా పొలంలో, మట్టిలోని యూరియేజ్ ఎంజైమ్ యూరియాను విడగొట్టాక ఆ కార్బన్ డయాక్సైడ్ గాలిలోకే పోతుంది.

ఎరువు వేసిన నేలనుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ అనే గ్రీన్‌హౌస్ వాయువుని కూడా వదలొద్దు. టన్ను యూరియాలో 460 కిలోల నైట్రోజన్. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం) డిఫాల్ట్ ప్రకారం అందులో 1 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా మారితే 7.2 కిలోల నైట్రస్ ఆక్సైడ్. కార్బన్ డయాక్సైడ్ కంటే అది 273 రెట్లు వేడి పెంచుతుంది కాబట్టి, 273తో గుణిస్తే దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ప్లాంటు గేటు దగ్గర లెక్క ఆపితే ఇదేదీ కనపడదు. అమ్మోనియా ఎంత పచ్చగా తయారైనా ఈ భాగం మారదు.

మాస్_బ్యాలెన్స్:
ఎంత చూపించాలన్నదానికి: వ్యాసంలో 176 కిలోల లెక్క ఒక్కటి పూర్తిగా చూపించండి, ఎందుకంటే పాఠకుడు దాన్ని కాగితం మీద తానే వేసుకోగలడు. మిగతావాటికి ఫలితం, దాని వెనకున్న ఊహ చాలు. మెగావాట్ (విద్యుత్ తీసుకునే రేటు), మెగావాట్ అవర్ (మొత్తం వాడకం, 1,000 యూనిట్లు) కలిసిపోకుండా అచ్చుకి పోయేముందు మరోసారి చూడండి, ఎడిటింగ్‌లో "అవర్" తరచూ ఎగిరిపోతుంది.