డిప్రెషన్ మందుల్లో ఇంత పోటీ, మరి రోగికి దక్కిందేంటి?

షాపుమూర్తి:
తెనాలి దగ్గర మెడికల్ షాపు నడుపుతున్నాను, ఇరవై రెండేళ్లయింది. నిన్న మధ్యాహ్నం బేరాల్లేక అరలు సర్దుతుంటే డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ ఒక్కటే పదకొండు కంపెనీలది తేలింది. మందు ఒకటే, డబ్బాలు పదకొండు. డాక్టరు గారు రాసే పేరు మారినప్పుడల్లా నా అరలో ఒక వరస పాతబడిపోతుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డాక స్టాకిస్టుతో తగవు. మొన్నొక మందుల కంపెనీ కుర్ర రెప్పు వచ్చి "లేటెస్ట్ మాలిక్యూల్ సార్" అన్నాడు. నాయనా, నీ లేటెస్టు అమెరికాలో 2002లోనే వచ్చిందయ్యా, అప్పటికి నువ్వు పలక పట్టుకుని ఉంటావు అన్నాను.

నేననేది ఇదీ. పోటీ వల్ల ధర తగ్గింది, ఒప్పుకుంటాను. అంతకుమించి రోగికి ఒరిగిందేమీ లేదు. కాదనేవాళ్లు చెప్పండి.

ఎడిసన్‌వాసి:
మూర్తి గారూ, మీ అరలో ఉన్నదే పోటీ అంతా అనుకుంటున్నారు. నేను ఇక్కడ న్యూజెర్సీలో ఈ రంగంలోనే ఉద్యోగం చేస్తున్నాను. డిప్రెషన్ మందు ప్రోజాక్‌కి 1987 చివర్లో అనుమతి వచ్చింది. తర్వాత ముప్పై ఏళ్లు వచ్చినవి చాలావరకు ఆ సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాల చుట్టూనే తిరిగాయి, అది నిజం. 2010 ప్రాంతంలో జీఎస్‌కే, ఆస్ట్రాజెనెకా లాంటి పెద్ద కంపెనీలు ఈ పరిశోధన మనవల్ల కాదని చేతులు దులుపుకున్నాయి కూడా.

2019లో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల స్ప్రవాటో వచ్చాక మళ్లీ కదలిక మొదలైంది. ముక్కులో కొట్టుకునే ఎస్‌కెటమిన్ స్ప్రే అది. మీరమ్మే మాత్ర పనిచేస్తుందో లేదో తేలడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇది కొందరిలో ఒక్క రోజులోనే గుణం చూపిస్తుంది. ఇంటికి మాత్రం ఇవ్వరు. క్లినిక్‌లోనే కొట్టుకుని, బీపీ చూస్తుంటే రెండు గంటలు అక్కడే కూర్చోవాలి, మర్నాటిదాకా కారు తోలకూడదు. ఇన్ని తిప్పలున్నా 2024లో అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి. అప్పటికే రెండు మూడు మందులు వాడి విసిగిపోయిన మనిషిని అడగండి, ఏమీ ఒరగలేదంటాడేమో.

పీజీ_వైజాగ్:
ఎడిసన్ గారూ, దాని పేరులోనే ఉంది కదండీ కిటుకు. కెటమిన్ 1970 నాటి మత్తుమందు, ఆపరేషన్ థియేటర్లలో చవగ్గా దొరికే సీసా. అందులో అణువులు రెండు రకాలు, కుడిచెయ్యి ఎడమచెయ్యిలాగా అచ్చం ఒకేలా ఉండి తిరగబడి ఉంటాయి. ఒక చేతిని విడదీసి కొత్త మందన్నారు. సిటాలోప్రామ్ పేటెంట్ అయిపోయే వేళకి ఎస్సిటాలోప్రామ్ పుట్టిందీ ఇలాగే. ఇంకో ముచ్చట: వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందు మింగితే మన లివరే దాన్ని డెస్‌వెన్లాఫాక్సిన్‌గా మారుస్తుంది. లివర్ ఉచితంగా చేసిపెట్టే ఆ సరుకుకే 2008లో కొత్త పేరు, కొత్త ధర! ప్రోజాక్‌నైతే రంగు మార్చి శారఫెమ్ అని నెలసరి ముందు బాధలకి వేరే అమ్మారు.

మరి పాతవాటి కన్నా కొత్తవి మెరుగా? 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 21 మందుల మీద 522 ట్రయల్స్, అంటే రోగుల మీద చేసిన పరీక్షలు, కలిపి చూశారు. ఉత్తుత్తి మాత్ర కన్నా అన్నీ మెరుగే, తేడా మాత్రం ఓ మోస్తరు. పనితనంలో ముందు నిలిచింది 1961 నుంచి అమెరికాలో వాడుతున్న అమిట్రిప్టిలిన్. నోరెండడం, మత్తు, మలబద్ధకం, మోతాదు మించితే ప్రాణాపాయం, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. కానీ 'లేటెస్ట్' అంటే 'బెస్ట్' అనే మాట మాత్రం ట్రయల్స్ చెప్పట్లేదు.

ఎడిసన్‌వాసి:
చెయ్యి విడదీయడం మీరన్నంత సులువైతే ఆ చవక కెటమిన్ మీదే ట్రయల్స్ చేసి అనుమతి తెచ్చుకోవచ్చుగా ఎవరైనా? చెయ్యరు. పేటెంట్ లేని సీసా మీద వందల కోట్లు పోసేదెవరు? కంపెనీకి లాభం కనపడితేనే రుజువు వస్తుంది. తిట్టండి కానీ ఆ సంగతి మర్చిపోకండి.

పీజీ_వైజాగ్:
చేశారండీ. 2023లో వచ్చిన పరిశోధనలో ఇదే చవక కెటమిన్‌ని ఈసీటీతో, అంటే షాక్ ట్రీట్‌మెంట్‌తో పోల్చారు. కెటమిన్‌తో 55 శాతం మందికి గుణం కనిపించింది, ఈసీటీతో 41 శాతానికి. అది కంపెనీ సొమ్ముతో నడిచిన ట్రయల్ కాదు. ఇక కంపెనీల రుజువు ఎంత గట్టిదో కూడా చూద్దాం. 2008లో ఒక లెక్క తీశారు: మందులకి అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ దగ్గర డిప్రెషన్ మందుల ట్రయల్స్ 74 ఉన్నాయి. బాగా వచ్చినవి 38, అందులో 37 అచ్చయ్యాయి. సరిగా రాని 36లో 22 అచ్చే కాలేదు, 11 బాగున్నట్టు తిప్పి రాసుకొచ్చారు. ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడంటే మూడు.

షాపుమూర్తి:
ఆ లెక్క విన్నాక నా రెప్పు మీద కాస్త జాలేసింది. చేతిలో ఏ కాగితం పెడితే అది చదువుతాడు పాపం.

ఒక సందేహం. దగ్గు సిరప్‌లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్‌తో డిప్రెషన్ మందు చేశారట, నిజమేనా?

ఎడిసన్‌వాసి:
నిజం. ఆవెలిటీ, 2022. ఆ దగ్గు మందుని లివర్ చకచకా విరగ్గొట్టేస్తుంది, మెదడుకి చేరేది తక్కువ. పక్కన బ్యుప్రోపియాన్ అనే పాత డిప్రెషన్ మందు కలిపితే ఆ విరగ్గొట్టే ఎంజైమ్‌కి అడ్డు పడుతుంది. దాంతో దగ్గు మందు ఒంట్లో నిలుస్తుంది. పాతవి రెండూ కలిపినా ఆలోచన కొత్తదే.

పీజీ_వైజాగ్:
చదివిన వాళ్లెవరూ సిరప్ సీసాతో ఇంట్లో ప్రయోగం చెయ్యకండి దయచేసి. ఇంకో మందుతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి ఎమర్జెన్సీకి తేవాల్సి వస్తుంది.

రాత్రిబస్సు:
మీరంతా మందుల గురించి మాట్లాడుతున్నారు. మింగినవాడిని నేను. మా ఊరి దగ్గర ఒక డాక్టరు ఎస్సిటాలోప్రామ్, ఆందోళన తగ్గించి నిద్రపట్టించే క్లోనజెపామ్ కలిపిన బిళ్ళ రాశారు. మొదటి రాత్రే నిద్ర పట్టింది, దేవుడిలా కనిపించారు. రెండేళ్లు అదే. ఒకసారి బెంగళూరు బస్సెక్కాక చూస్తే షీట్ ఇంట్లోనే మర్చిపోయాను. రెండో రోజుకి తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు 'జివ్వు'మనేది, చేతులు వణుకు. కలిపి ఉన్న బిళ్ళ కదా, అందులో ఏ సగం వల్లో నాకెలా తెలుస్తుంది? ఇది ఎన్నాళ్లు వాడాలో, ఎలా ఆపాలో ఒక్కరూ చెప్పలేదు. కొత్త మందు సంగతి తర్వాత, నాకు ముందు అది చెప్పే మనిషి కావాలి.

పీజీ_వైజాగ్:
అన్నా, ఆ 'జివ్వు' ఎస్సిటాలోప్రామ్ ఉన్నట్టుండి ఆపితే వస్తుంది. వణుకు రెండింటి వల్లా రావచ్చు. మన దగ్గర అసలు పోటీ ఈ కలిపిన బిళ్ళల్లోనే ఉంది. కొత్త మందు కనిపెట్టనక్కర్లేదు, రెండు పాతవి కలిపి పేరు చివర 'ప్లస్' తగిలిస్తే చాలు. క్లోనజెపామ్ కొన్ని వారాలకి పనికొచ్చేది, ఏళ్ల తరబడి వాడితే అలవాటైపోతుంది. కలిపి ఉంటే ఒకటి తగ్గించి రెండోది ఉంచడం కుదరదు. మీ అంతట మీరు ఆపకండి. విడివిడిగా రాయించుకుని, వారాల తరబడి మెల్లగా తగ్గించుకోవాలి. దగ్గర్లో డాక్టరు దొరక్కపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఎడిసన్‌వాసి:
ఇది చదివాక కొంచెం తగ్గుతున్నాను. మా దగ్గరా అన్నీ గెలవలేదు. జురానోలోన్ అనే కొత్త మందు పద్నాలుగు రోజుల కోర్సు, ధర 15,900 డాలర్లు. 2023లో కాన్పు తర్వాతి డిప్రెషన్‌కి ఒప్పుకున్నారు, మామూలు డిప్రెషన్‌కి ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. కానీ మూర్తి గారూ, ధర తగ్గడం 'అంతే' అని తీసిపారేసే సంగతి కాదండీ. 2001 ఆగస్టులో ప్రోజాక్ పేటెంట్ గోడ కూలినప్పుడు 40 ఎంజీ క్యాప్సూల్‌కి అదే మందుని తన పేరుతో అమ్ముకునే ఆర్నెల్ల ప్రత్యేక హక్కు దక్కింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌కే. అలాంటి హక్కు దక్కిన మొదటి భారతీయ కంపెనీ అదే.

షాపుమూర్తి:
సరే, 'అంతే' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 2015–16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన సర్వేలో డిప్రెషన్ ఉన్న వందమందిలో 85 మందికి చికిత్సే అందలేదని చదివాను. నా కౌంటర్‌కి వచ్చేది మిగతా పదిహేను మందే. ఆ పదిహేనుమందికి పదకొండు డబ్బాలు!

పొద్దున ఒక పెద్దావిడ ఖాళీ షీట్ తెచ్చింది, పేరున్న వైపు కత్తిరించేసి ఉంది. "ఆ నీలం డబ్బాదేనయ్యా, మొన్న తెల్లదిచ్చావు, అది వేసుకోలేదు" అంది. మందు ఒకటేనమ్మా అంటే నమ్మలేదు. తెల్లది అలాగే ఇంట్లో ఉందట, అంటే పన్నెండు రోజులుగా ఏమీ వేసుకోలేదు. నీలం డబ్బా కోసం స్టాకిస్టుకి ఫోన్ చేశాను, సాయంత్రానికి పంపుతానన్నాడు. రాత్రిబస్సు గారూ, మీరేం తేల్చుకున్నారో ఇక్కడ రాయండి.